ఆమెకి ఆట కొంటాను

తెల్ల తలగుడ్డ చుట్టుకున్న ముసలావిడ ఒకతె కాసినో హాల్లోకి వచ్చి, ఎర్ర తివాచీ మొదట్లో ఆగి, కాళ్ళకున్న రబ్బరు జోళ్ళు విప్పింది. వాటిని గోడవారగా జతచేసి పెట్టి, మెత్తటి తోలు మేజోళ్ళతో తివాచీ మీద అడుగుపెట్టింది. గుమ్మం దగ్గరి కాపలావాడు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. ఆవిడ అతన్ని ఏదో అడిగింది. అతను చెయ్యెత్తి రష్యన్ పోకర్ బల్ల చూపించాడు.

ఆ బల్ల వెనక రైఖాన్ నిలబడి ఉంది. సోమవారం మధ్యాహ్నం. సరస్సు ఒడ్డునున్న ఈ కప్చగాయ్ ఊళ్ళో ఆ వేళకి ఏ కాసినోలోనూ మనుషులుండరు. ఆట లేనప్పుడు కూడా ముక్కలు పంచే డీలర్ కూర్చోకూడదు. పేకను ఆకుపచ్చ గుడ్డ మీద విసనకర్రలా పరిచి, చేతులు బల్ల అంచున ఆనించి, ఎవరో వస్తున్నట్టు ముఖం పెట్టుకుని నిలబడాలి. రైఖాన్‌కి అది అలవాటే. గురువారాలు మాత్రం ఆ ముఖం పెట్టుకోవడానికి కష్టపడక్కర్లేకపోయేది. పోయిన శరదృతువు నుంచి గురువారాలూ మిగతా రోజుల్లాగే అయిపోయాయి.

ముసలావిడ ఎత్తు కుర్చీ ఎక్కి, రైఖాన్ కోటు మీది బిళ్ళలోని పేరుని పెదవులు కదుపుతూ చదువుకుంది.

"రైఖాన్. ఊఁ. నా పేరు ఉల్బోసిన్. ఈ ఆట నాకు నేర్పు."

హాలు అజమాయిషీ చూసే దిదార్ అప్పటికే వచ్చి వెనక నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు కూడా లేని మనిషి, బిగుతు సూటు. "నేర్పండి రైఖాన్. నియమాలు చెప్పొచ్చు. ముక్కల గురించి మాత్రం సలహా ఇవ్వకూడదు, తెలుసుగా," అని రష్యన్‌లో అని పక్కకి జరిగాడు.

రైఖాన్ రెండు చేతులూ తట్టి, అరచేతులు పైకీ కిందికీ తిప్పి పైకప్పులోని కెమెరాకి చూపించింది. చేతుల్లో ఏమీ లేదని. పేక ముట్టుకునే ముందు ఒకసారి, వదిలేసి వెళ్ళేటప్పుడు ఒకసారి చెయ్యాలి.

"అపా," పెద్దావిడని పిలిచే పిలుపుతోనే మొదలుపెట్టింది, "ముందు ఈ గడిలో ఒక చిప్ పెట్టండి. అది మొదటి పందెం. మీకు అయిదు ముక్కలు, నాకు అయిదు. నావాటిలో ఒకటి మీకు కనబడుతుంది."

"నావి నీకు చూపించాలా?"

"వద్దు. మీరే చూసుకోండి. ఒకే అంకె రెండుంటే జత. రెండు జతలుంటే ఇంకా మంచిది. మూడు ఒకటే అయితే మరీ మంచిది. అయిదూ వరసగా వచ్చినా, అన్నీ ఇస్పేట్లో అన్నీ ఆఠీన్లో అయినా పెద్ద గెలుపు. బాగోకపోతే పడేయండి, మొదటి పందెం పోతుంది. బాగుంటే దానికి రెండింతలు కాయండి. ఎటూ తేలకపోతే ఇంకో చిప్ ఇచ్చి కొన్ని ముక్కలు మార్చుకోవచ్చు, లేదా ఆరో ముక్క కొనుక్కోవచ్చు."

"ఎన్నిసార్లు డబ్బు అడుగుతారే మీరు! సంతలో గొర్రెలమ్మేవాళ్ళు నయం."

పక్క బల్ల దగ్గర నిలబడ్డ ఇన్నా పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

రైఖాన్ పంచింది. ముక్కలు గుడ్డ మీద జారుతూ పోయి ముసలావిడ ముందు ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఆగాయి. ఆవిడ వాటిని బోర్లా ఉంచకుండా అయిదూ తిప్పి బల్ల మీద పరిచేసింది. ఎనిమిది, ఆరు, పది, ఏడు, తొమ్మిది.

"ఛ. అంతా చిల్లర జనమే. ఒక్క రాజు లేడు, రాణి లేదు. పడేస్తున్నా."

రైఖాన్ చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. ఆ అయిదింటినీ సర్దితే వరస. ఇన్నా కూడా చూసింది. దిదారూ చూశాడు. ఆవిడ ముక్కలను ముందుకు తోసేసింది. రైఖాన్ వాటిని లెక్కచూసి, ఒక్కొక్కటిగా పేకలో కలిపేసి, మొదటి పందెపు చిప్‌ని తన వైపుకు లాక్కుంది.

దిదార్ గడియారం సర్దుకుంటూ వెళ్ళిపోయాడు.

కాసేపటికి ముసలావిడ ఉన్నట్టుండి అంది: "మా ఆయన ఇక్కడే కూర్చునేవాడట. సపర్బెక్. చెవి కింద నల్ల మచ్చ. కుందేలు తోలు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకునేవాడు. ఆయన పోయి ఎల్లుండికి ఏడాది."

రైఖాన్ ముక్కలు పంచుతోంది. చెయ్యి ఆగలేదు. అయిదో ముక్క మాత్రం గీత దాటి కొద్దిగా అవతలికి పోయింది. డీలర్‌గా చేరాక అలా జరగడం ఆమెకి గుర్తులేదు. వేలితో దాన్ని సరిచేసింది.

"నీకు తెలుసా ఆయన?"

"అతిథుల గురించి మాట్లాడకూడదు అపా."

"అతిథి అంటావ్, మాట్లాడకూడదంటావ్. ఇదెక్కడి అతిథి మర్యాదే?"

రైఖాన్ తల వంచుకుని తన ముక్కల్లో ఒకటి తిప్పింది. కళావర్ రాణి. దానికేసి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూసింది.

విరామంలో ఇన్నా సిగరెట్టు వెలిగించి బయటి మెట్ల మీద కూలబడింది. "అయితే నీ పెళ్ళికొడుకు పోయాడన్నమాట. నేనింకా వేరే కాసినోకి మారాడేమో అనుకున్నా. ఆ ముసలాయన్ని చూసి ఎంత నవ్వుకునేవాళ్ళం! చేతిలో రెండ్ల జత పెట్టుకుని డీలర్‌కి ఆట కొంటాననేవాడు చూడు, అలాంటి పిచ్చివాణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు."

"నవ్వింది మీరు," అంది రైఖాన్.

"నువ్వు నవ్వలేదులే. నువ్వు గురువారం గురువారం జడ మార్చేదానివి."

సరస్సు వైపు నుంచి గాలి ఇసుక తెచ్చి కోటు మీద జల్లుతోంది. రైఖాన్ దులుపుకుంది. దులుపుకున్నాక, అక్కడ ఏ కెమెరా లేకపోయినా, అరచేతులు రెండూ పైకీ కిందికీ తిప్పింది.

మర్నాడు ఉల్బోసిన్ అపా వస్తూనే మొదలుపెట్టింది. "నిన్న మంచమెక్కాక అర్థమైంది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది! వరస! నువ్వు చూస్తూ చూస్తూ నా చేత పారేయించావ్."

"చెప్పకూడదు అపా. చెబితే నా ఉద్యోగం పోతుంది."

"నీ కళ్ళు చెప్పాయిలే. నేనే చూసుకోలేదు." ఆవిడ రబ్బరు జోళ్ళు ఇవాళా గోడవారగానే ఉన్నాయి. వాటి పక్కన కాపలావాడు, చెప్పులకి కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. "ఇవాళ నేనెందుకొచ్చానో చెప్పేస్తా, విను. నువ్వు మాట్లాడకు, విను చాలు. మా ఆయన గురువారం గురువారం చేపలకి పోతున్నానని చెప్పి పోయేవాడు. సాయంత్రానికి చేపలు తెచ్చేవాడు కూడా. పొలుసు గీకి, కడుపు శుభ్రం చేసి! గాలం వేసేవాడు ఒడ్డున కూర్చుని చేపలు అంత శుభ్రంగా కడుక్కొస్తాడా? నాకు తెలీదా? అయినా అడగలేదు. పోయేముందు జ్వరంలో ఒకటే పలవరింత. ఆమెకి కొంటాను, ఆమెకి కొంటాను అని. ఏం కొంటాడే? ఎవతెకి? నాకు ఊలు శాలువా కొనాలంటే మూడు చలికాలాలు అడగాలి. ఆ తర్వాత ఆయన కోటు జేబులో మీ కాసినో పేరున్న అట్టముక్క దొరికింది. ఆమె ఎవరో తెలుసుకోకుండా ఆయన సంవత్సరీకం ఎలా పెట్టను? వండింది నా గొంతు దిగుతుందా?"

రైఖాన్ పేక కలుపుతోంది. ముక్కలు చినుకుల్లా చప్పుడు చేస్తూ ఒకదానిలో ఒకటి దూరుతున్నాయి. దూరంగా దిదార్ తల ఎత్తి ఇటు చూశాడు.

"మొదటి పందెం పెట్టండి అపా," అంది. గొంతు మామూలుగానే ఉంది.

ఆవిడ పెట్టింది. రైఖాన్ పంచింది. ఈసారి ఆవిడ ముక్కల్ని అరచేతుల మధ్య దాచుకుని, ఒక్కోదాన్నీ పిల్లల జ్వరం చూసినట్టు ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "మూళ్ళు రెండున్నాయి. జతేగా? చిన్నదైనా జతే. కాస్తున్నా." చిప్స్ ముందుకు జరిపింది.

రైఖాన్ తన ముక్కలు తిప్పింది. రాజు, జాకీ, తొమ్మిది, ఏడు, నాలుగు. జత లేదు. ఆసూ రాజూ కలిసి లేవు. ఇక్కడ ఏం చెప్పాలో నియమం ఉంది. కొన్ని వేలసార్లు చెప్పిన మాటలే. నోరు తెరవడానికి మాత్రం ఆలస్యమైంది.

"నాకు ఆట లేదు అపా. డీలర్ దగ్గర ఆసూ రాజూ అయినా ఉండాలి, లేకపోతే జత అయినా ఉండాలి. ఏదీ లేకపోతే ఆట లేనట్టే. అప్పుడు మీ చేతిలో ఎంత గొప్ప ముక్కలున్నా లెక్కలోకి రావు. మొదటి పందెం మీద వచ్చేది తీసుకుని ఊరుకోవాలి." ఆగింది. "లేదంటే ఇంకో చిప్ ఇచ్చి నాకు ఆట కొనొచ్చు."

ముసలావిడ చెయ్యి చిప్స్ మీదే ఆగిపోయింది.

"ఏమన్నావ్? ఇంకోసారి చెప్పు."

"నా పెద్ద ముక్క తీసేసి, పేకలోంచి ఇంకోటి తీస్తాను. దాంతో నాకు ఆట వస్తే ఇద్దరి ముక్కలూ పోల్చి చూస్తాం. దాన్ని, డీలర్‌కి ఆట కొనడం అంటారు."

"కొనేటప్పుడు ఏమని చెప్పాలి?"

"ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు. కొంతమంది అతిథులు..." రైఖాన్ గుడ్డ మీది గీతకేసి చూస్తూ అంది, "ఆమెకి ఆట కొంటాను అనేవాళ్ళు."

హాల్లో ఎక్కడో యంత్రం ఒకటి తనంతట తనే పాట పాడి ఆగిపోయింది.

"చిన్న జత చేతిలో పెట్టుకుని కూడానా?"

"చిన్న జతతో కూడా. ప్రతిసారీ."

"దాంతో లాభం ఉంటుందా?"

"పెద్ద ముక్కలుంటే ఉండొచ్చు. చిన్న జతతో అయితే ఉండదు."

ఉల్బోసిన్ అపా కుర్చీలో వెనక్కి వాలింది. తలగుడ్డ కొస తీసి ముక్కు తుడుచుకుంది. తర్వాత రైఖాన్ ముఖాన్ని, జడని, బిళ్ళ మీది పేరుని, గుడ్డ మీద ఆనించిన ఉంగరం లేని వేళ్ళని మెల్లగా చూసింది. సంతలో ఏదో బేరం చెయ్యడానికి వచ్చి, చెయ్యకుండానే చూస్తున్నట్టు చూసింది. రైఖాన్ కదల్లేదు. తిడుతుందేమో అనుకుంది. తిట్టినా బాగుండునేమో అని కూడా అనుకుంది.

"ఆమెకి ఆట కొంటాను," అంది ముసలావిడ. ఒక చిప్ ముందుకు తోసింది.

రైఖాన్ రాజుని తీసి పక్కన పెట్టింది. పేక మీంచి ఒక ముక్క లాగి తిప్పింది. తొమ్మిది. తొమ్మిదుల జత.

"నాకు ఆట వచ్చింది అపా. మీరు ఓడిపోయారు."

"ఆయనా ఇలాగే ఓడేవాడా?" అని నవ్వబోయింది ఆవిడ. నవ్వు సగంలోనే ఏదోలా అయిపోయింది. కుర్చీ దిగి, తలగుడ్డ సర్దుకుని, "రేపే సంవత్సరీకం. పాత డ్యాము కాలనీ, నీలం గేటు. నువ్వు రావాలి," అంది.

"రాకూడదు అపా. అతిథుల్ని బయట కలవకూడదని రాసి సంతకం పెట్టాను."

"చచ్చిపోయినవాడు ఇంకా మీ అతిథేనటే?"

దానికి నియమం ఏం చెబుతుందో రైఖాన్‌కి తెలీదు.

బుధవారం ఆమెకి సెలవు. పొద్దున కిటికీ దగ్గర నిలబడి టీ తాగింది. వంటింట్లో బల్ల ఉంది, దాని మీద నిన్నటి గిన్నెలు అలాగే ఉన్నాయి. అందుకే నిలబడే తాగింది. తర్వాత ఇల్లు ఊడ్చింది. ఊడ్చిన ఇంటిని మళ్ళీ ఊడ్చింది. మధ్యాహ్నం నల్ల గౌను వేసుకుని, దుకాణంలో మిఠాయి పెట్టె ఒకటి కొని, పాత డ్యాము కాలనీ వైపు నడిచింది.

బజారు మీంచే దారి. చేపల కొట్టు దగ్గర కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. సపర్బెక్ ఒకసారి అక్కడ ఎదురయ్యాడు. చేతిలో కాగితంలో చుట్టిన చేపలు. ఆమెని చూడగానే టోపీ తీశాడు. తీశాక, బయట పలకరించుకోకూడదని గుర్తొచ్చినట్టుంది, ఆ తీసిన చేత్తోనే తల గోక్కుని, చేపల ధర గురించి కొట్టువాడితో పోట్లాట పెట్టుకున్నాడు. రైఖాన్ చూడనట్టే దాటిపోయింది. తర్వాతి గురువారం ఆయన వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక కూడా ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు ఆయన మామూలు కన్నా ఎక్కువసార్లు ఆట కొన్నాడు.

నీలం గేటు ముందు పెద్ద కుండల్లో మాంసం ఉడుకుతోంది. బెంచీల మీద మగవాళ్ళు టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు కాగుతున్న నూనెలో పిండి ముద్దలు వేసి బౌర్సాకులు తీస్తున్నారు. చచ్చినవాళ్ళ కోసం ఆ నూనె వాసన పైకి వెళ్ళాలి. వీధి మలుపు దాకా వచ్చింది ఆ వాసన. మలుపు దగ్గరే రైఖాన్ ఆగింది. బెంచీ మీది వాళ్ళలో ఒకతను శనివారాలు రూలెట్ ఆడే మనిషి. అతను తలెత్తితే గుర్తుపడతాడు. ఎవరితో వచ్చావని, ఎవరి తరఫు మనిషివని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆమె గొడుగు పట్టినట్టు మిఠాయి పెట్టెని ముఖానికి అడ్డం పెట్టుకుని కొంతసేపు నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగింది. సాయంత్రం ఆ పెట్టె విప్పి, తను తెచ్చిన మిఠాయి తనే టీతో నంజుకుంది. రెండు తినేసరికి మొహం మొత్తింది.

గురువారం ఉల్బోసిన్ అపా తిన్నగా బల్ల దగ్గరికి వచ్చింది. కుర్చీ ఎక్కలేదు. చేతిలో గళ్ళగుడ్డ మూట. హాల్లో అప్పటికి ఒకరిద్దరు అతిథులున్నారు. ఇన్నా వాళ్ళకి పంచుతోంది.

"రాలేదు నువ్వు."

"మలుపు దాకా వచ్చాను అపా," అంది రైఖాన్ పెదవులు కదిలీ కదలనట్టు.

ముసలావిడ ఆ మాట విని తల ఊపింది. మూట విప్పి, ఆకుపచ్చ గుడ్డ మీద, పందేలు కాసే గడుల మధ్యలో పెట్టింది. బంగారు రంగు బౌర్సాకులు, చక్కెర ముక్కలు, ఎండిన మాంసం ముక్క ఒకటి.

"సర్కిత్ తెచ్చాను. రాలేనివాళ్ళకి విందులోంచి వాటా ఇంటికి పంపాలి కదా. నీ ఇల్లు నాకు తెలీదు. ఆయన కూర్చున్న చోటే ఇస్తున్నా. తీసుకో."

అని ఒక బౌర్సాక్ తీసి రైఖాన్ చేతికి అందించబోయింది.

అతిథి చేతిలోంచి డీలర్ చేతిలోకి ఏదీ వెళ్ళకూడదు. చిప్ అయినా సరే, ముందు గుడ్డ మీద పెట్టాలి, తర్వాతే డీలర్ తీసుకోవాలి. ఇక తిండి సంగతి చెప్పక్కర్లేదు. ఎదురుగా ముసలావిడ చెయ్యి చాచి ఉంది. చచ్చినవాడి పేరున చేసిన తిండిని వద్దనడం రైఖాన్‌కి ఎవరూ నేర్పలేదు. తీసుకోవడం కాసినో నేర్పలేదు. ఏం చెయ్యాలో తోచనప్పుడు చేతులు వాటికి తెలిసిన పనే చేశాయి. తట్టుకుని, అరచేతులు రెండూ పైకి తిరిగాయి. ఏమీ లేదని.

ఉల్బోసిన్ అపా ఆ అరచేతుల కేసి చూసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బౌర్సాక్‌ని మూటలో పెట్టి, తన అరచేతులు కూడా ముఖం ముందు దోసిలిలా పట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

రైఖాన్ చేతులు తిప్పాల్సిన సమయం దాటిపోయింది. కెమెరాకి ఏమీ లేని చేతులు చూపించి కిందికి దించేయాలి. ఆమె దించలేదు. దోసిలి అలాగే పట్టుకుని నిలబడింది. ఆవిడ గొంతు చిన్నది. మాటలు మాత్రం చిన్నప్పటి నుంచి వింటున్నవే. సపర్బెక్ అన్న పేరు వచ్చినప్పుడు రైఖాన్ పెదవులు కూడా కదిలాయి. ఆ పేరుని ఆమె బయటికి పలకడం అదే మొదటిసారి.

దిదార్ బల్లల మధ్యగా వడివడిగా వస్తున్నాడు. చెవిలోని తీగెలోంచి పైవాళ్ళు ఏదో అంటున్నట్టుంది, ముఖం ఎర్రబడింది. "రైఖాన్, ఏమిటిది? వెంటనే..." అన్నాడు. అంతలో ఆ రెండు జతల అరచేతులూ చూశాడు. అతని చేతులు కూడా వాటంతటవే లేచాయి. గుమ్మం దగ్గర కాపలావాడు దోసిలి పట్టాడు. ఇన్నా ముక్కలు పంచడం ఆపి, తమ మతం పద్ధతి కాకపోయినా తల వంచింది.

ప్రార్థన అయిపోయింది. అందరూ అరచేతులతో ముఖం తడుముకున్నారు. రైఖాన్ కూడా. ఆట బల్ల దగ్గర డీలర్ ముఖం ముట్టుకోకూడదు. ఆమె నుదుటి మీంచి గడ్డం దాకా నెమ్మదిగా తడుముకుంది. తర్వాత గుడ్డ మీంచి ఒక బౌర్సాక్ తీసి నోట్లో పెట్టుకుంది.

దిదార్ కాసేపు తన బూట్లకేసి చూశాడు. చెవిలోంచి తీగె లాగేశాడు. అది చిన్నగా అరుస్తూ కోటు మీద వేలాడింది.

"రైఖాన్ అక్కా," అన్నాడు. అక్కా అనడం అదే మొదలు. "బల్ల వదిలెయ్యండి. పైవాళ్ళు ఊరుకోరు. నేను ఏమీ చెయ్యలేను."

"తెలుసు, నాన్నా."

"ఒక ముక్క తిను," అంది ఉల్బోసిన్ అపా అతన్ని. "తినకుండా పంపిస్తావా మమ్మల్ని?"

అతను అటూ ఇటూ చూసి, ఒక చక్కెర ముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

పేరున్న బిళ్ళా, కోటూ అప్పగించేసి రైఖాన్ వెనక గుమ్మంలోంచి బయటికి వచ్చేసరికి ముసలావిడ బస్సు ఆగేచోట బెంచీ మీద ఉంది. మూట ఒళ్ళో, రబ్బరు జోళ్ళు కాళ్ళకి. గాలి ఆవిడ తలగుడ్డని ఒక పక్కకి లాగుతోంది. రైఖాన్ పక్కన కూర్చుంది. ఇద్దరూ కొంతసేపు సరస్సు వైపే చూశారు. చూడ్డానికక్కడ ఏమీ లేదు.

"నిన్ను తిట్టడానికే వచ్చానే మొదట," అంది ఉల్బోసిన్ అపా. "ఏమేం తిట్టాలో కూడా అనుకుని వచ్చా."

"తిట్టండి అపా. ఇప్పుడు వినొచ్చు నేను."

"మర్చిపోయాన్లే." ఆవిడ గుడ్డ కొస ముడి వేస్తూ, విప్పుతూ అడిగింది: "ఇంట్లో నోరెత్తేవాడు కాదు. మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. ఇక్కడేం మాట్లాడేవాడు నీతో?"

రైఖాన్ ఆలోచించింది. అబద్ధం ఏదైనా చెప్పొచ్చు. మీ గురించే చెప్పేవాడనొచ్చు.

"ఏమీ లేదు అపా. ఇంకో ముక్క. చాలు. ఆమెకి ఆట కొంటాను. అంతే."

"అంతేనా?"

"అంతే."

ముసలావిడ ముడి వేసిన కొసని ఒళ్ళో సాపు చేసుకుంది.

"నా చేతిలో ఎప్పుడూ రాజులూ రాణులే ఉండేవి," అంది చివరికి. "ఆయనకి ఆట ఉందో లేదో నేనెప్పుడు అడిగాను?"

బస్సు మలుపు తిరిగి వస్తూ కనిపించింది. ఆవిడ లేచి, మూటని రైఖాన్ చేతుల్లో పెట్టింది. ఈసారి చేతిలోంచి చేతికే అందింది.

"వచ్చే గురువారం నీకు పనేం ఉంటుంది?"

"ఏమీ ఉండదు."

"నీలం గేటు. చేపలు కొనుక్కుని రా." ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది. "కడిగించి తేకు. పొలుసుతో తీసుకురా, నేనే చేస్తా."

బస్సు వెళ్ళిపోయింది. రైఖాన్ బెంచీ మీద నుంచి లేచింది. అలవాటుగా చేతులు తిప్పబోయింది. చేతుల్లో మూట ఉంది.